స్నానాల గది ఒరిజినల్ తీసుకురావలెను

ఇల్లు అమ్మే ముందు స్నానాల గది బాగు చేయించాలా, ఉన్నదాన్ని ఉన్నట్టే అమ్మేయాలా అన్నది రేగాన అప్పలస్వామికి పెద్ద సమస్య కాలేదు. ఒక ఆదివారం పొద్దున్న టీ తాగుతూ ఆ మాట ఎత్తాడు, గ్లాసు ఖాళీ అయ్యేలోపే తేలిపోయింది. తేల్చింది భార్య నూకరత్నం. అతను ఊఁ కొట్టాడంతే.

"టైల్సు ఏయించీద్దామేటి? కొన్నోడికి కంటికింపుగా ఉంతాది" అన్నాడు.

"కొన్నోడు ఎలాగూ ఆడికి నచ్చినట్టు పగలగొట్టి కట్టుకుంతాడు. మన టైల్సు ఆడికెందుకు? ముందు నాను ఈ కొండ దిగిపోయీది ఎప్పుడో సెప్పండి" అంది నూకరత్నం.

నీలాచలపేటలో తూర్పు కొండ మీద వాళ్ల ఇల్లు. కింద రోడ్డు నుంచి గుమ్మం దాకా తొంభై ఆరు మెట్లు. నూకరత్నం మోకాళ్లు నాలుగేళ్ల కిందట మొరాయించాయి. డాక్టరు దగ్గరికి దిగి వెళితే ఆయన "మెట్లు ఎక్కకూడదమ్మా" అని చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ చేత్తో పట్టుకుని ఆవిడ తొంభై ఆరు మెట్లూ ఎక్కి ఇంటికి వచ్చేది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా మానేసింది. సంత లేదు, పేరంటం లేదు, తోడికోడలి కూతురి సీమంతం లేదు. కొండ మీద నుంచి ఊరంతా కనిపించేది. కనిపించే ఊళ్లోకి వెళ్లలేకపోవడం ఆవిడకి మోకాళ్ల నొప్పి కంటే ఎక్కువ నొప్పిగా ఉండేది.

ఇన్నాళ్లకి అన్నీ కలిసొచ్చాయి. కింద రైతుబజారు పక్కన, చదును నేల మీద, కర్రి పోలమ్మ అనే ఆవిడ తన ఇల్లు వీళ్లకి అమ్ముతానంది. ఆ ఇల్లు రోడ్డుకి అవతలి పక్క, పంచాయతీ హద్దులో ఉంది. కార్తీక పున్నమి దాకా ఆగుతాను, మర్నాడు ఇంకొకరికి ఇచ్చేస్తాను అని గట్టిగా చెప్పింది. కొండ మీద ఇంటికి కూడా కొనేవాడు దొరికాడు. జామి గోవిందు అని, పోలీసు సెలక్షన్లకి పరుగు నేర్పే కోచ్. మెట్లు చూసి అందరూ వెనక్కి పోతే అతను మాత్రం వాటిని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇల్లు ఎలాగున్నా పర్లేదండి. నాను మెట్లు కొంతన్నాను" అన్నాడు.

దసరా వెళ్లిన మూడో రోజు అప్పలస్వామి మిక్సీలు బాగుచేసే తన కొట్టు మూసి, ఇంటి పన్ను కాగితం కోసం మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ కొత్త రూలు ఎదురైంది.

ఇల్లు అమ్మబోయే పౌరుణ్ని అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఏదో కనుక్కోమని పైన ఎవరో పెద్దాయన సర్వే చేయించారట. స్నానాల గది బాగు చేయించాలా వద్దా అన్నదే మొదటి స్థానంలో వచ్చిందట. ఆ సంగతి విని ప్రభుత్వం గుండె కరిగిపోయింది. ఇంత బరువైన ప్రశ్నను పౌరుడు ఒంటరిగా మోయడమేమిటి, మనం ఉన్నదెందుకు అనుకుంది. వెంటనే ప్రతి మునిసిపాలిటీలోనూ స్నానశాలా సందిగ్ధ నివారణ విభాగం వెలిసింది. ఇకమీదట ఆ నిర్ణయం ఆ విభాగమే చేస్తుంది. వాళ్లిచ్చే నిర్ణయ పత్రం లేకపోతే ఇల్లు రిజిస్టరు కాదు.

విభాగానికి ఒక సూపరింటెండెంటు, ఒక టైపిస్టు, ఒక ఇన్‌వర్డ్ గుమాస్తా, తాళం పడని ఒక బీరువా ఉన్నాయి. సూపరింటెండెంటు పేరు సదాశివ పాణిగ్రాహి. ముప్పై ఏళ్లుగా ఆఫీసు ఉత్తరాలు రాసీ రాసీ ఆయనకి మామూలు మాట మరుపుకొచ్చింది. ఇంట్లో ఉప్పు కావాలన్నా అర్జీ భాషలోనే అడుగుతాడని చెప్పుకునేవారు.

ఆయన ఫారం తీసి అడగడం మొదలుపెట్టాడు.

"తమరు ఎన్ని దినములుగా సందిగ్ధములో ఉన్నారు?"

"సందిగ్ధమేటీ లేదు బాబూ. బాగు సేయించం. అలగే అమ్మీస్తాం."

పాణిగ్రాహి కలం కింద పెట్టాడు. ఆయన ముఖంలో నిజమైన విచారం కనిపించింది.

"సందిగ్ధము లేనివారికి ఈ విభాగము సేవలు అందించజాలదు. లేని సందిగ్ధమును మేమెట్లు నివారించగలము?"

"అయితే మీ పత్రం లేకండానే రిజిస్ట్రేషను సేయించీవచ్చా?"

"వీలుపడదు. పత్రము తప్పనిసరి."

"మరి నన్నేటి సెయ్యమంతారు?"

"సందిగ్ధపడండి. కనీసము పదిహేను దినములు. ఇరుగుపొరుగు ఇద్దరి సాక్ష్యముతో."

అప్పలస్వామి ఇంటికొచ్చి సందిగ్ధపడటం మొదలుపెట్టాడు. సాక్షులకి కనపడాలి కదా, గుమ్మంలో కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకునేవాడు. మొదటి రోజు నవ్వొచ్చింది. మూడో రోజు నడుం నొప్పొచ్చింది. వారం తిరిగేసరికి నిజంగానే పట్టుకుంది. ఆకుపచ్చ టైల్సు అయితే బాగుంటుందా, నీలం అయితేనా? అసలు బాగు చేయించకపోతే గోవిందు చిన్నచూపు చూస్తాడేమో? అన్నం దగ్గర కూర్చుని కూర కలుపుకోవడం మర్చిపోయేవాడు. పదిహేనో రోజున పక్కింటాయన సాక్షి గడిలో "నా కళ్ల ముందే సతమతమై చిక్కి సగమైనాడు" అని రాసి సంతకం పెట్టాడు.

"శుభ్రంగా ఉన్న మడిసిని పాడు సేసీసినారు" అంది నూకరత్నం.

ఫారంతో పాటు స్నానాల గది ఫోటో జతపరచాలి. ఫోటో మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. జిరాక్సు కాగితం దేనికైనా పక్కన ఒరిజినల్ పెట్టి, రెండూ చూపించి, "ఒరిజినల్‌తో సరిచూచితిని" అని ముద్ర వేయించుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. అప్పలస్వామి ఫోటో పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాడు. ఆ దగ్గర్లో సంతకం పెట్టగల గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు హైమావతి గారొక్కరే. ఆవిడ ఒక గేదె నోట్లో మందు పోస్తూ ఫోటో వైపు చూసింది.

"ఒరిజినల్ ఏదీ?"

"ఇంటి కాడ ఉందమ్మా. కొండ మీద."

"ఒరిజినల్ చూడకుండా చూశానని ముద్ర ఎలా వేస్తాను? అబద్ధం అవదూ?"

"ఓపాలి వచ్చి సూసీయండమ్మా. తొంభయ్యారు మెట్లే."

"గేదెకి జబ్బు చేస్తే రెండొందల మెట్లైనా ఎక్కుతాను. స్నానాల గదికి జబ్బు చేస్తే ఎక్కమని నా డ్యూటీ చార్టులో లేదు. ఒరిజినల్ తీసుకురండి, చూసి సంతకం పెడతాను."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. నిజాయితీ గల అధికారి. ఊళ్లో నిజాయితీ గల అధికారి ఒక్కరే ఉండి, ఆ ఒక్కరి దగ్గరికే మనకి పని పడితే ఎలా ఉంటుందో అప్పలస్వామికి ఆ రోజు తెలిసింది.

తిరిగి పాణిగ్రాహి దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు. ఆయన రూళ్ల పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పాడు.

"డాక్టరు గారు సెలవిచ్చినది సక్రమమే. నియమము ఏడు, ఉపనియమము రెండు. 'అసలు ప్రతిని కార్యాలయమునకు తీసుకొనివచ్చి సరిచూపించుకొనవలెను.'"

"అసలు ప్రతంటే గదే కదా బాబూ. గదినెలా తెత్తాను?"

"నియమములో 'గదులు మినహా' అని ఎక్కడనూ లేదు. నేను స్వయముగా మూడు పర్యాయములు చదివితిని."

ఇంటికొచ్చి చెబితే నూకరత్నం వెటకారంగా, "అయితే తీస్కెల్లి ఆల నెత్తిన పెట్టీయండి" అంది.

అప్పలస్వామి ఆ మాటని పట్టుకున్నాడు. అతను మిక్సీ మెకానిక్. విప్పదీసింది ఏదైనా మళ్లీ బిగించగలడు. పెరట్లో స్నానాల గది కూడా పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు వైపులా సిమెంటు పలకలు, పైన రేకు, ముందు రేకు తలుపు, లోపల నాపరాయి, నీళ్ల కుండీ, ఒక కుళాయి. మిక్సీ భాగాలకి రాసినట్టే ప్రతి ముక్క మీదా సుద్దతో నెంబరు వేశాడు. నలభై మూడు ముక్కలు తేలాయి.

కొండ మీద ఇళ్లకి ఇటుకలూ ఇసకా మోసేది ఎర్రయ్య గాడిదలే. కబురు పెడితే నాలుగింటిని తోలుకొచ్చాడు. గాడిదలు పై మెట్టు మీద నిలబడి కిందకి చూసి కదలనన్నాయి.

"ఇయ్యెప్పుడూ బరువు పైకే మోసినాయి. కిందకి మొయ్యడం ఈటికి తెల్దు. బెదురుతన్నాయి" అన్నాడు ఎర్రయ్య.

బెల్లం పెట్టి, బుజ్జగించి, నాలుగు విడతలుగా దింపారు. దారి పొడుగునా జనం తలుపుల్లోకి వచ్చి చూశారు. అడిగినవాళ్లందరికీ అప్పలస్వామి, "ఒరిజినల్ అడిగేరు" అని చెప్పాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసులకి ఒరిజినల్స్ మోసినవాళ్లే.

ఆఫీసు వెనక పెరట్లో గది తిరిగి లేచింది. ఇన్‌వర్డ్ గుమాస్తా నలభై మూడు ముక్కల మీదా ముద్ర వేసి నెంబర్లు రాశాడు. కుండీ మీద ముద్ర అంటలేదని రెండు సార్లు తుడిచి మరీ వేశాడు. హైమావతి గారు స్కూటరు మీద వచ్చి, ఫోటో ఒక చేత్తో పట్టుకుని, గదిని చుట్టూ తిరిగి చూసి, తలుపు తీసి వేసి, "సరిగ్గా ఉంది" అని సంతకం పెట్టి వెళ్లిపోయింది. అప్పలస్వామికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులుంది.

అయితే ఇప్పుడు నూకరత్నం పాట్లు చూడాలి. ఇంట్లో స్నానాల గది లేదు. పక్కింటికి వెళ్లాలంటే పన్నెండు మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అంత బాధా పడి ఎక్కి వస్తే ఒంటికి మళ్లీ చెమట. రెండు రోజులు వెళ్లింది. మూడో రోజు నుంచి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని ఊరుకుంది. మాట తగ్గించేసింది. నూకరత్నం మాట తగ్గించిందంటే భయపడాలని అప్పలస్వామికి పాతికేళ్లుగా తెలుసు.

నిర్ణయ సంఘం సమావేశమైంది. పాణిగ్రాహి, మునిసిపల్ ఇంజినీరు, ఆరోగ్యాధికారి, ముగ్గురూ పెరట్లో కుర్చీలు వేయించుకుని గదికి ఎదురుగా కూర్చున్నారు. వాడుకలో లేని గదిని పరిశీలించడం కుదరదని ఇంజినీరు అంటే అప్పలస్వామి ఆఫీసు పైపు నుంచి కుళాయికి నీళ్లు కలిపాడు. కుళాయి తిప్పి చూపించాడు. బాగానే వచ్చాయి.

ఆరోగ్యాధికారి లోపలికి తొంగి చూసి, "నీరు పోవు మార్గమేదీ?" అన్నాడు.

"అదేటీ లేదు బాబూ. కొండ వాలు కదా, అలాగలాగ కిందకి జారిపోతాది."

"ఆ వాలు ఇచ్చట కనబడుట లేదే."

"వాలు ఇక్కడెందుకు ఉంతాది? అది కొండది."

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడుకున్నారు. పాణిగ్రాహి గొంతు సవరించుకున్నాడు.

"సమర్పించిన అసలు ప్రతి అసంపూర్ణముగా ఉన్నదని సంఘము అభిప్రాయపడినది. వాలును కూడ సమర్పించవలెను."

"కొండని తెమ్మంతారా?"

"కొండ యావత్తూ అవసరము లేదు. సంబంధిత భాగము చాలును. వారము దినములు గడువు."

గదిని తిరిగి కొండ మీదకి మోయడానికి గాడిదలతో గేటు దగ్గర సిద్ధంగా నిలబడ్డ ఎర్రయ్య వైపు అప్పలస్వామి చూశాడు. ఎర్రయ్య గాడిదల్ని అదిలించి అక్కణ్నుంచి చల్లగా జారుకున్నాడు.

రోజూ వెళ్లి బతిమాలాడు. వాలుకి బదులు ఫోటో ఇస్తానన్నాడు. ఫోటో అయితే గెజిటెడ్ సంతకం, సంతకానికి ఒరిజినల్. పున్నమి ముందు రోజు సాయంత్రం పోలమ్మ కబురు పంపింది, ఎల్లుండి వేరేవాళ్లు వస్తున్నారని. అప్పలస్వామి ఆ మాట భార్యకి చెప్పలేక గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఈసారి సాక్షుల కోసం కాదు.

మర్నాడు పున్నమి. పొద్దున్న అతను ఆఖరిసారి బతిమాలుకుందామని ఆఫీసుకి వెళ్లాడు. పదకొండింటికి నూకరత్నం ఆఫీసు గేటులో కనిపించింది. ఏడింటికి ఇంట్లో బయలుదేరిందట. ఐదేసి మెట్లకి ఒకసారి కూర్చుని, చేత్తో గోడ పట్టుకుని, దిగింది. భుజాన తువ్వాలు, చేతిలో చీర, సబ్బు డబ్బా, కుంకుడుకాయల రసం పోసిన చెంబు.

"ఎందుకొచ్చీసేవే? మల్లీ అన్ని మెట్లూ ఎలా ఎక్కుతావు?" అన్నాడు అప్పలస్వామి కంగారుగా.

ఆవిడ ఆ రోజు మళ్లీ పెరట్లో కూర్చున్న నిర్ణయ సంఘం ముందు నుంచి నడిచి వెళ్లి, తన స్నానాల గదిలోకి దూరి, లోపల గడియ వేసుకుంది.

పాణిగ్రాహి లేచి నిలబడ్డాడు. "అమ్మా! ఇది పరిశీలనలో ఉన్న దస్త్రము. ఇందులో స్నానము నిషిద్ధము."

"నా స్నానాల గది. నాను నీల్లోసుకుంతాను. ఎనిమిది రోజులైంది" అని లోపల నుంచి మాట, దాని వెంట కుళాయి చప్పుడు వినిపించాయి.

అధికారులు ముగ్గురూ మర్యాదస్తులు. కుర్చీలు అటు తిప్పుకుని కూర్చున్నారు. ఆడమనిషి స్నానం చేస్తుంటే తలుపు కొట్టకూడదు. పోలీసుల్ని పిలవకూడదు. ఏం చేయాలో రూళ్ల పుస్తకంలో లేదు. వాళ్లలా గోడకేసి చూస్తుండగా తలుపు కింద నుంచి నీళ్లు వచ్చాయి. పెరడు దాటాయి. మలుపు తిరిగాయి. ఎవరూ దారి చూపకుండానే సూటిగా రికార్డు గదిలోకి వెళ్లాయి.

"వాలు ఉన్నది!" అన్నాడు ఆరోగ్యాధికారి ఉత్సాహంగా.

ఇన్‌వర్డ్ గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. "సార్, కింద అరలో పైళ్లు తడిసిపోతన్నాయి! అందులో మన సర్వీసు రిజిస్టర్లున్నాయి!"

సర్వీసు రిజిస్టర్లంటే ఇంక్రిమెంట్లూ, పింఛన్లూ. పాణిగ్రాహి ముప్పై ఏళ్ల భాష ఒక్కసారిగా జారిపోయింది.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను, కుళాయి కట్టెయ్యమ్మా!"

"పత్రం ఇచ్చీయండి, కట్టీస్తాను. ఇంకా తలంటుకోనేదు" అంది నూకరత్నం.

నెల రోజులుగా తేలని విషయం నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. టైపిస్టు నవ్వు ఆపుకుంటూ టైపు చేసింది. "సదరు స్నానశాల సంపూర్ణ వినియోగములో ఉన్నదని సంఘము ప్రత్యక్షముగా గమనించినందున పునర్నిర్మాణము అనవసరము." మూడు సంతకాలు పడ్డాయి. తలుపు మీద నుంచి కాగితం లోపలికి అందించారు. ఒక్క క్షణంలో అది వెనక్కి వచ్చింది.

"ముద్రేదీ?"

ముద్ర వేసి ఇచ్చారు. కుళాయి ఆగింది. కాసేపటికి నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. అప్పలస్వామి పలకలు విప్పడానికి పట్టకారు తీయబోతే పాణిగ్రాహి అడ్డుపడ్డాడు. అప్పటికి ఆయన భాష మళ్లీ ఆయనకి దొరికింది.

"దస్త్రమున చేరిన ఒరిజినల్ తిరిగి ఇవ్వబడదు. ముప్పది సంవత్సరములు భద్రపరచబడును."

టైపిస్టు తాళం కప్ప తెచ్చి తలుపుకి వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఆవిడ చేరిన పదకొండేళ్లుగా ఆ ఆఫీసులో ఆడవాళ్లకంటూ ఒక గది లేదు.

"ఇంటికెలాగెల్తాం?" అన్నాడు అప్పలస్వామి, భార్య మోకాళ్ల వైపు చూస్తూ.

"కిందింటికి ఎల్దాం. నాను మల్లీ ఆ మెట్లెక్కను. సామాను మీరు తెచ్చీసుకోండి."

గోవిందు ఆ మధ్యాహ్నమే వచ్చి రిజిస్ట్రేషను కానిచ్చాడు. స్నానాల గది లేదని చెబితే, మెట్లు అన్నీ ఉన్నాయా అని అడిగాడంతే. సాయంత్రం పున్నమి దీపాలు పెట్టే వేళకి పంచాయతీకి ఆ విభాగం లేదు కనుక పోలమ్మ ఇంటి కాగితాలు కూడా అయిపోయాయి.

నెల తిరక్కుండా విభాగం ఒక సర్క్యులరు తెచ్చింది. నీలాచలపేటలో ఒక దరఖాస్తు నాలుగు నిమిషాల్లో పరిష్కారమైందని విని పైవాళ్లు మెచ్చుకున్నారట. దాని ప్రకారం ఇకమీదట ఇల్లు అమ్మదలచినవారు స్నానాల గది ఒరిజినల్‌తో పాటు, అందులో స్నానం చేయడానికి ఒక గృహిణిని కూడా కార్యాలయ వేళల్లో హాజరుపరచాలి. కుంకుడుకాయలు దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. సోమ, బుధ, శుక్రవారాలు పెరట్లో గదులు వరసగా లేస్తున్నాయి. రికార్డు గదిని మేడ మీదకి మార్చారు. ఎర్రయ్య ఇంకో ఆరు గాడిదల్ని కొన్నాడు. అవి వచ్చిన దగ్గర్నుంచీ కిందకే మోస్తున్నాయి కాబట్టి వాటికి బెదురు లేదట.

అప్పలస్వామి ఈ కబుర్లన్నీ రోజూ మోసుకొచ్చి చెబుతాడు. నూకరత్నం వినీ విననట్టు ఉంటుంది. ఒక సాయంత్రం అతను కొట్టు కట్టి వచ్చేసరికి ఆవిడ సంచీతో గుమ్మంలోకి వస్తోంది. రైతుబజారు నుంచి బెండకాయలు తెచ్చింది. సంచీ లోపల పెట్టి, చెప్పులు విప్పకుండానే మళ్లీ బయటికి నడిచింది. పావుగంటకి గుప్పెడు పచ్చిమిరపకాయలతో తిరిగొచ్చింది.

"ఇయ్యి కూడా అప్పుడే తెచ్చీకపోయేవా? మర్సిపోయేవేటి?" అన్నాడు అప్పలస్వామి.

"మర్సిపోనేదండీ. మల్లీ ఎల్లాలనిపించింది, ఎల్లేను" అంది నూకరత్నం.